బీరువాలో గ్లాసు

మా సూపరింటెండెంటును తలుచుకుంటే ముఖం కంటే ముందు చెయ్యి గుర్తొస్తుంది. గంటకోసారి చొక్కా జేబు తడిమి, బీరువా తాళంచెవి ఉందని తేల్చుకునే చెయ్యి. ఆ మనిషిని నేను ఇప్పటికీ క్షమించలేదు.

తొంభైల్లో నల్లగొండలోని మా ఆఫీసుకు తొలి కంప్యూటర్ వచ్చింది. టైపిస్టునైన నన్ను దాని ముందు కూర్చోబెట్టారు. తెర వెలుగు కళ్లకు కొట్టకుండా ముందు తగిలించే నల్లటి గ్లాసు కూడా దానితోపాటు వచ్చింది. ఆయన దాన్ని అట్టపెట్టెతో సహా బీరువాలో పెట్టి తాళం వేశాడు. హైదరాబాద్ నుంచి పెద్దసార్లు వచ్చిన రోజు మాత్రం తీసి తగిలించేవాడు. వాళ్ల జీపు గేటు దాటిందో లేదో, గ్లాసు మళ్లీ బీరువాలోకి పోయేది.

పొద్దంతా రేషన్ కార్డుల పేర్లు కొట్టీ కొట్టీ కళ్లలో కారం చల్లినట్టుండేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"కండ్లు మండుతున్నయి సార్. గా గ్లాసు జర తియ్యుండ్రి."

"కండ్లు నీయి, గ్లాసు సర్కారుది," అన్నాడు జేబు తడుముకుంటూ. "రేపు పలిగితే జవాబు ఎవలు చెప్పాలె? పొయ్యి మొకం కడుక్కోని రా."

నాలుగేళ్లు ముఖం కడుక్కుంటూనే ఉన్నాను. ఆయన లంచగొండి కాడు, నోటి దురుసు మనిషీ కాడు. ఏమని ఫిర్యాదు చెయ్యను?

రిటైరయ్యే రోజు బీరువా నాకే అప్పగించాడు. గ్లాసును పసిబిడ్డను ఎత్తినట్టు రెండు చేతులతో తీసి, కిటికీ వెలుతురుకు పట్టాడు.

"సూడమ్మా, ఒక్క గీత గూడ పడలే!"

చూడడానికి నేను కళ్లద్దాలు వెతుక్కోవలసి వచ్చింది.