మెయిన్ ఆపేసిన స్టూడియోలో దొరికిన ఫోటో

దయ్యాల కథలు ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకాన్ని నేను. తిరువళ్లూరులో ఉంటూ షాపులకు, ఆఫీసులకు బ్యాకప్ సాఫ్ట్‌వేర్ పెట్టడం నా పని. "కంప్యూటర్ ఆపేసినా కాపీ అవుతుందా సార్?" అని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. కాదు మహానుభావా, కరెంటు లేకుండా ఏదీ కాపీ కాదు! నోరు నొప్పి పుట్టేదాకా చెప్పాను.

తిరుత్తణిలో గుడి కొండ కింద మునిరత్నం అన్నకు ఫోటో స్టూడియో ఉంది. గుండు కొట్టించుకుని, చెవులు కుట్టించుకునే పిల్లల ఫోటోలే ఆయన బతుకుతెరువు. హార్డ్‌డిస్క్ పోయిందని పోయిన తమిళ ఆడి నెలలో పిలిచాడు. ఫోటోలన్నీ రాత్రిపూట నెట్‌వర్క్ మీద వెనక గదిలోని బ్యాకప్ పెట్టెలోకి చేరేలా నేనే పెట్టాను కాబట్టి ధీమాగా వెళ్లాను.

బ్యాకప్ పెట్టె తెరిచి చూస్తే ప్రతి రాత్రీ 'ఫెయిల్' అని ఉంది.

"షాపు మూసేటప్పుడు ఏం చేస్తావన్నా?" అని అడిగాను.

"సామికి కర్పూరం ఎత్తి, మెయిన్ స్విచ్ ఆపేసి పోతా. మా నాయన కాలం నుంచి అంతే కదా."

ఒళ్లు మండిపోయింది. తిట్టేవాణ్ణే, కానీ పక్కన బెంచీ మీద కోమల అనే ఆమె కూర్చుని ఉంది. పొన్నేరి నుంచి వచ్చింది. ఆమె కొడుకు చెవులు కుట్టించినప్పటి ఫోటోలు ప్రింటు కూడా తీయకుండా ఆ డిస్కులోనే ఉన్నాయి. పిల్లాడు ఆ తర్వాత జ్వరమొచ్చి పోయాడు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ పాడైంది. బిడ్డ ముఖం చూసుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు.

"యాడన్నా ఒక్కటుంటే చూడన్నా," అంది.

ఉండదని తెలిసీ ఆమె కోసం పెట్టెలో వెతికాను. ఒకే ఒక్క ఫోటో ఉంది. అర్ధరాత్రి దాటాక కాపీ అయినట్టు చూపిస్తోంది. ఆ షాపులో ఇన్వర్టర్ లేదు, యూపీఎస్ లేదు.

తెరిచాను. గుండుకు గంధం పూసుకున్న పిల్లాడు ఒక కుర్రాడి ఒడిలో కూర్చుని నవ్వుతున్నాడు.

మునిరత్నం అన్న ముఖం పాలిపోయింది. "అయ్యో సామీ! ఇది నేను తియ్యలేదు. ఆ పొద్దు బిడ్డను ఒళ్లో పెట్టుకునింది ముసలాయన కదా!"

చెవులు కుట్టేటప్పుడు బిడ్డ మేనమామ ఒడిలో ఉండాలి. కోమలకు ఉన్న ఒక్క అన్న, బిడ్డ పుట్టకముందే బైకు ప్రమాదంలో చనిపోయాడు. అందుకే వరసకు మామయ్యే ఒక పెద్దాయన ఒడిలో కూర్చోబెట్టారట.

కోమల స్క్రీన్ మీద ఆ కుర్రాడి ముఖాన్ని వేలితో తడిమింది. "మా అన్న," అంది.

ఎవరైనా అతికించారేమోనని పెద్దది చేసి చూశాను. కెమెరాలోంచి దిగిన ఫైలే, చెవులు కుట్టిన రోజు తేదీయే. ఆమె అన్నను మునిరత్నం అన్న ఎన్నడూ చూసి ఎరగడు. ఇది ఎలా జరిగిందో ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు. అడిగినవాళ్లకు తెలియదనే చెబుతున్నాను.

ప్రింటు తీసి ఆమె చేతిలో పెట్టాము. చాలాసేపు చూసింది.

"బిడ్డ ఒంటిగా లేడన్నా," అంది. తర్వాత కళ్లు తుడుచుకుని, "ఇంకొకటి తీసియ్యండి. మా అమ్మకు కూడా కొడుకే కదా పోయినాడు," అంది.