ఎండుచేపల తడక మీద ఉల్లిపాయలు

ఉద్యాన శాఖలో నా చివరి పోస్టింగు ఇందుకూరుపేట మండలం. చేరింది వేసవిలో, సముద్రంలో వేట నిషేధం మొదలవడానికి కాస్త ముందు. హోదా ఉద్యాన అధికారి, అంటే కూరగాయలు, పండ్లు, పూల తోటల సంగతి చూసే ఉద్యోగి. వరి చూసే వ్యవసాయ అధికారి వేరు. మైపాడు వైపు పల్లెల్లో ఈ తేడా ఎవరికీ పట్టేది కాదు. వరికి తెగులొచ్చినా నన్నే నిలదీసేవాళ్ళు.

అక్కడ ఒక మత్స్యకార కుటుంబంలో కోటమ్మ, సుజాత తోడికోడళ్ళు. పక్కపక్క ఇళ్ళు. ఇసుక నేల పెరళ్ళలో ఇద్దరూ ఉల్లి వేశారు. నిషేధం ముగిశాక పడవ తెచ్చే మొదటి చేపలతో పులుసు పెట్టి, పడవవాళ్ళందరికీ వడ్డించడం ఆ ఇంట్లో పెద్ద గౌరవం. ఇన్నేళ్ళూ అది అత్తగారిదే. మోకాళ్ళు మొరాయించడంతో ఆమె ఒక తీర్పు చెప్పింది: "ఎవురి ఎర్రగడ్డలు వేట మొదలయ్యేదాకా కుళ్ళకుండా ఉంటాయో, వాళ్ళే పులుసు పెట్టాల." ఎర్రగడ్డలంటే ఉల్లిపాయలే.

ఆకులు మెడ దగ్గర, అంటే గడ్డ నుంచి ఆకు మొలిచే చోట, వాలగానే ఇద్దరూ ఉల్లి పీకేశారు. నేను వెళ్ళేసరికి కోటమ్మ ఆకులు మొదలంటా కోసేసి, గడ్డల్ని చేపలు ఎండేసే తడక మీద మండుటెండలో పరిచి, కర్రతో కాకుల్ని తోలుతోంది. ఉల్లిపాయల జోలికి ఏ కాకీ రాదని చెప్పబోయి ఊరుకున్నాను. ఎండుచేపల విషయంలో ఆ చుట్టుపక్కల ఆమెను మించినవాళ్ళు లేరు మరి.

గడ్డను నిలవకు సిద్ధం చేయడాన్ని మేము క్యూరింగు అంటాం. చేపలో నీరంతా పోవాలి. ఉల్లిపాయలో నీరు లోపలే ఉండి, పైపొరా మెడా మాత్రం ఎండాలి. అందుకే ఆకులతోనే నీడలో, గాలి ఆడేచోట పలచగా పరచాలి. మెడ ఎండి మూసుకున్నాకే ఆకు కొయ్యాలి. పచ్చి మెడ కోస్తే కుళ్ళుకు తలుపు తీసినట్టే. ఇదంతా కోటమ్మ ఓపిగ్గా విని, "ఎండేసేది నాకు నేర్పతా ఉండావా మేడమ్? ఉప్పు గూడా పట్టిద్దామనుకున్నా, మా అత్త వద్దనింది" అంది. అత్తగారికి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

సుజాతకు చేపలు ఎండేయడం రాదు. ఆమె ఎండేసిన చేపను పిల్లి కూడా ముట్టదని కోటమ్మే నాకు చెప్పింది. బహుశా అందుకే సుజాత నేను చెప్పింది చెప్పినట్టు చేసింది. వసారాలో పాత వల బిగించి కట్టి, గడ్డల్ని ఆకులతోనే దాని మీద పరిచింది.

ఆ తర్వాత నేను వెళ్ళినప్పుడల్లా కోటమ్మ ఏదో ఒక గడ్డను గోడవతలికి విసురుతూ కనిపించేది. ఎండదెబ్బకు ఒక పక్క మెత్తబడి, మెడలోంచి కుళ్ళు దిగేది. అడక్కముందే "ఇది మొదట్నించీ అంతే మేడమ్" అనేది. వేట మొదలయ్యేనాటికి ఆమె తడక ఖాళీ. సుజాత గడ్డలు పట్టుకుంటే పొరలు గలగలలాడాయి.

మొదటి చేపలు వచ్చిన రోజు నన్నూ భోజనానికి పిలిచారు. పడవవాళ్ళంతా వచ్చి కూర్చోగానే సుజాతకు చెమటలు పట్టాయి. అంతమందికి ఆమె ఎన్నడూ వండలేదు. "అక్కా, చింతపండు రసం ఎంత పొయ్యాల?" అని అడిగింది. గడప మీద మూతి ముడుచుకుని కూర్చున్న కోటమ్మ, "గెలిచినావు గదా, నువ్వే పోసుకో" అంది. కాసేపటికి కారం వేసే తీరు చూసి ఉండబట్టలేక లేచొచ్చి గరిటె లాక్కుంది. పులుసు అద్భుతంగా ఉంది. ఎవరు పెట్టారని నేను అడగలేదు.

మరుసటి ఏడు కోటమ్మ వసారాలో సుజాతదాని కన్నా పెద్ద వల, దాని నిండా ఆకులతో ఉల్లిపాయలు. "మా అమ్మ ఎప్పుడూ ఇట్టనే చేసేది మేడమ్" అంది. అవునన్నాను.

పని రానివాళ్ళకు నేర్పడం తేలిక. ఒక పనిలో ఆరితేరినవాళ్ళు దాన్ని కాసేపు పక్కన పెట్టేలా చేయడమే మా ఉద్యోగంలో కష్టం. రిటైరయ్యేదాకా, ఎవరికైనా క్యూరింగు చెప్పేముందు వాళ్ళింట్లో ఇంకా ఏమేం ఎండేస్తారో అడిగేదాన్ని.