మార్పు పిల్ల

నా చిన్నప్పుడు చేపను పెంచుకోవడమనే మాట మా తిరువూరులో నేనెక్కడా వినలేదు. చేపంటే పులుసే. అలాంటిది మా వరండాలో, తమ్ముడి మంచం పక్కన, వెడల్పు మూతి గాజు సీసాలో ఒక చేపపిల్ల ఉండేది.

తమ్ముడికి అప్పుడు ఏడేళ్లు. కీళ్ల జ్వరం వచ్చి గుండెకు పట్టింది. మంచం దిగనివ్వొద్దని బెజవాడ డాక్టరుగారు చెప్పారు. వాడికి పొద్దుపోవడం కోసం మా మేనమామ పెనుగొలనులో వరిచేల కాలవలో దొరికిన ఆ పిల్లను తెచ్చాడు. సీసాలో ఊపిరాడక చస్తుందని నేను వాదించాను. "ఇది పైకొచ్చి గాలి పీల్చుకుంటుందే. నీలాగే, కాసేపు కూడా నోరు మూసుకుని ఉండలేదు," అన్నాడు మావయ్య. తమ్ముడు పగలబడి నవ్వాడు.

ఆ చేప పేరు మార్పు. ఒంటి మీద పొలుసు ఉండదు, మూతి చుట్టూ ఎనిమిది మీసాలుంటాయి. ఇంగిలాయి అనే ఇంకో చేప కూడా పిల్లగా ఉన్నప్పుడు అచ్చం ఇలాగే ఉంటుంది. అవే మీసాలు, అదే బురద రంగు. తెలియక చెయ్యి పెడితే మాత్రం తల పక్కనున్న ముల్లుతో పొడుస్తుంది, ఆ మంటకు పెద్దవాళ్లు కూడా ఏడుస్తారు. మీసాలు చూడొద్దని, వీపు చూడమని మావయ్య మా ఇద్దరికీ నేర్పాడు. మార్పుకు వీపు మీది రెక్క తల వెనక మొదలై తోక దాకా రిబ్బన్‌లా సాగుతుంది. ఇంగిలాయికి అక్కడ చింతాకంత రెక్క, అంతే.

తమ్ముడు నీళ్లలో వేలు పెడితే అది వచ్చి మీసాలతో తడిమేది. "ఇది జానెడయ్యేసరికి నేను బడికెళ్తా కదమ్మా?" అని రోజూ అడిగేవాడు. "వెళ్తావు నాన్నా," అనేది అమ్మ. అలా అనీ అనీ వాడి ఆశంతా ఆ సీసాలోనే పెట్టేశాం.

ఎండాకాలంలో ఒక ఉదయం అది వెల్లకిలా తేలింది. తమ్ముడింకా నిద్ర లేవలేదు. అమ్మ సీసాను కొంగు చాటున పెరట్లోకి తెచ్చింది. మావయ్య ఆ రోజు మా ఇంట్లోనే ఉన్నాడు. ఆ సీసా తీసుకుని సైకిలెక్కి వెళ్లిపోయాడు. తమ్ముడు లేచి అడిగితే, నీళ్లు మారుస్తున్నామని చెప్పాం. కాలవలన్నీ ఎండిపోయిన రోజులవి. మధ్యాహ్నానికి మావయ్య మోకాళ్ల దాకా బురదతో తిరిగొచ్చాడు. సీసా వాడి పక్కన పెట్టి, "కొత్త నీళ్లకి ఎలా గెంతుతుందో చూడరా," అన్నాడు.

నేను వీపు చూశాను. చింతాకంత రెక్క.

చెబితే వాడి చేప చచ్చిపోయిందని తెలిసిపోతుంది. చెప్పకపోతే వాడు వేలు పెడతాడు. మావయ్యను పెరట్లోకి లాక్కెళ్లి, "అది ఇంగిలాయి," అన్నాను.

"మడుగంతా గాలిస్తే అదొక్కటే దొరికిందే తల్లీ. ముళ్లు కత్తిరించేశాలే," అన్నాడు. తువ్వాలు చుట్టుకున్న కుడిచెయ్యి అప్పుడు చూశాను. పట్టుకునేటప్పుడు పొడిచిందట, మణికట్టు దాకా వాచిపోయింది. "వాడికి తెలియదు. నువ్వు అనకుండా ఉంటే చాలు."

నేను వరండాలోకి వచ్చేసరికి తమ్ముడు సీసాను వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తున్నాడు. నేను నోరు తెరవకముందే, "దాని పేరే మార్పు కదక్కా, మారకుండా ఎలా ఉంటుంది?" అన్నాడు. నవ్వాడు కూడా. తరవాత గొంతు తగ్గించి, "మావయ్యతో అనకు. పాపం, చెయ్యి చూశావా?" అన్నాడు.

ఇంతలో మావయ్య గుమ్మంలోకి వచ్చాడు. తమ్ముడు గబగబా సీసాలో వేలు పెట్టి, "మావయ్యా, ఇదిగో, నన్ను గుర్తుపట్టింది!" అన్నాడు. ముళ్లు కత్తిరించిన సంగతి నేను వాడికింకా చెప్పనేలేదు.

ఆ రోజు తరవాత బడికెప్పుడు వెళ్తానని వాడు అమ్మను అడగలేదు. తొలకరి పడకముందే పోయాడు. తన మాట నమ్మి పిల్లాడు సంతోషంగా ఉన్నాడనుకుంటూనే మావయ్య చివరిదాకా బతికాడు.

మొన్న మావయ్య మునిమనవరాలు తన అక్వేరియం చూపించింది. అందులో రెండు రకాల మీసాల చేపపిల్లలున్నాయి, ఏది ఏదో తనకు తెలియడం లేదట. పక్కన కూర్చుని తేడాలు వెతికి చెప్పాను. "నానమ్మా, మీ తమ్ముడి దగ్గర మొదట్నుంచీ ఒక్క చేపే ఉందట, చివరిదాకా అదే బతికిందట కదా? ముత్తాత అందరికీ చెప్పేవారట," అంది.

ఇంట్లో ఎవరైనా పెళ్లి తేదీని ఒక్కరోజు అటూ ఇటూ చెప్పినా ఊరుకోని మనిషిని నేను. కూడికలో తప్పుంటే నిద్రపట్టదు. కానీ ఆ పిల్లతో, "అవునమ్మా, ఒక్కటే," అన్నాను.

వాచిన చెయ్యి దాచుకుని మావయ్య చెప్పిన అబద్ధం అది. దాన్ని నిలబెట్టడానికి మా తమ్ముడు, ముల్లుందనే అనుకుంటూ, వేలు పెట్టాడు. దిద్దే హక్కు నాకెక్కడిది?