కలబందల దొంగ లక్ష్మీరాజం మామ

మా లక్ష్మీరాజం మామకు బీడీ లేదు, మందు లేదు, పత్తాలాట లేదు. ఒక్కటే రోగం. ఎవలింటి దర్వాజకు దిష్టికని కలబంద గట్టినా తెంపుకపోతడు. భుజం నొచ్చి చెయ్యి పైకి లేవదు, అయినా స్టూలేసుకొని మరీ తెంపుతడు.

బతుకవొచ్చిన ఈ గోడాదరాల మా గల్లీ మొత్తం మన తెలుగోళ్లే. ఇంటింటికి కలబంద ఏలాడేది. ఇప్పుడు ఉత్త దారాలు ఏలాడుతున్నయి.

"గింత కలబంద ఏం జేస్తవ్ మామా?"

"మొకానికి రాస్కుంట వినోదా. నిగనిగలాడుతది."

ఆ మొకం జూస్తే బట్టలు నేసే సాంచాలు తుడిసిన నూనె గుడ్డ లెక్కుంటది.

మా ఆయన జిద్దుకు ఇనుప తీగతోని కట్టిండు. మామ తీగతో సహా తెంపిండు. మల్ల తీగ తెచ్చిచ్చి, "ఇనుము నాకెందుకు, నీ మొగనికియ్యి" అన్నడు.

పక్కింటి వెంకటవ్వకు, మామకు మాటల్లేవు. ఆమె మేక మామ కొత్త లుంగీ నమిలింది మరి. రోజు ఆమెకు ఇనవడేటట్టు మేకనే తిడ్తడు, "లుంగీ తిన్నదానా" అని.

గా మేకకు పొదుగు వాచింది. రాయి లెక్క గట్టివడ్డది. పిండితే పాలు కాదు, విరిగిన ముక్కలు.

"తగ్గకుంటే ఐతారం కసాయికిచ్చేస్తనే. దాని బాధ సూడలేను" అని వెంకటవ్వ ఏడ్సింది. ఎవలు లేని మనిషి. మాట్లాడితే మేకతోనే.

తెల్లారి సూస్తే పొదుగంత ఎర్రగుంది. "చేతబడి జేసిన్రే" అని ఆమె మేక మెడకే కలబంద గట్టింది. చీరెలకు మెరిసే టిక్కీలు అతికే పనికి పోయొచ్చేసరికి మెడ బోసిగుంది, పొదుగు ఇంక ఎర్రగైంది. భయానికి దర్వాజకు మూడు గట్టింది. అవి గూడ పోయినయి. మేక మాత్రం ఎవలో ఏసిన గడ్డి తింటున్నది, వాపు దిగుతున్నది.

శనివారం వెంకటవ్వ పనికి పోంగనే నేను తొంగిజూసిన. మామ మేక పొదుగు కాడ కూసున్నడు, చేతులు ఎర్రగ.

"చేతబడి జేసింది నువ్వా మామా?"

"చేతబడి లేదు, ఏం లేదు. కలబంద, పసుపు, సున్నం నూరిన. పసుపుల సున్నం వడితే ఎర్రగైతది. మా అవ్వ మేకలకు గిదే పూసేది. లుంగీ తిన్నదానా, జర కదలకు."

"ఇన్నొద్దులు తెంపిన కలబందంత గల్లీల మేకలకే పూస్తున్నవా? వెంకటవ్వ అత్తకన్న చెప్పొచ్చు గద."

"చెప్తే మాట్లాడాలె. మాట్లాడితే లుంగీ సంగతి ఇడిసిపెట్టాలె."

ఐతారం పాలు తెల్లగ వడ్డయి. కసాయి వస్తే వెంకటవ్వ చాయ్ తాపి పంపిచ్చింది. మల్ల దర్వాజకు కొత్త కలబంద గట్టింది, మోకాలంత ఎత్తుల. పక్కన కొత్త లుంగీ ఏలాడేసింది.

"గింత కిందికేంది అత్తా?"

"ఆయనకు చెయ్యి లేవదు గదనే. చేతబడి జేసేటోడు మేకకు గడ్డి గూడ ఏస్తడా? ఆ మూడు పోయిన్నాడే నాకు తెల్సింది."

కిందికి గడితే మామకే కాదు, మేకకు గూడ అందింది. మామ వచ్చేసరికి సగం లుంగీ లేదు.

"ఏమే వెంకటవ్వా" అని మామ గల్లీ మొత్తం ఇనవడేటట్టు పిలిసిండు. "నీ మేకకు మల్ల ఆకలి మంచిగైంది."