లావా మీద ఈశాన్య మూల

రిటైర్ కావడానికి మూడేళ్ల ముందు, ఒక ఆగస్టులో, నన్ను బ్రిటిష్ కొలంబియా ఉత్తరాన ఉన్న ఒక లావా లోయకు సీనియర్ జియాలజిస్టుగా పంపారు. భూగర్భంలోని వేడి అక్కడి ఆదివాసుల ఊరికి పనికొస్తుందో లేదో తేల్చాలి. అందుకు ముందుగా సన్నని పరీక్ష బోరు వేసి, లోతుకు వెళ్లేకొద్దీ ఉష్ణోగ్రత కొలుస్తాం. దాన్ని మావాళ్లు స్లిమ్ హోల్ అంటారు. అది బాగుంటేనే పెద్ద బావి సంగతి.

తాతల తాతల కాలంలో అక్కడ కొండ పగిలి, లావా పారి, నదిని పక్కకు నెట్టి, ఒక ఊరిని మనుషులతో సహా కప్పేసింది. ఇప్పుడది నల్లరాళ్ల మైదానం. రాళ్ల మీద బూడిదరంగు నాచు మందంగా పరుచుకుని ఉంటుంది. దాని మీద ఊరివాళ్లు అడుగు పెట్టరు. కలప మిల్లు మూతపడ్డాక వాళ్లకు మిగిలినవి ఏటి చేపలు, ఆకులు రాలే కాలంలో అడవి పుట్టగొడుగులు, వేసవిలో దారి తప్పినట్టు వచ్చే కొద్దిమంది టూరిస్టులు. చలికాలంలో ఇళ్లు వేడి చేసుకోవాలంటే లారీల్లో ప్రొపేన్ గ్యాస్ రావాలి. మంచుకు రోడ్డు మూసుకుపోతే అదీ ఉండదు. బోరు ఫలిస్తే ఇళ్లకు వేడి, కూరగాయలకు ఒక గ్రీన్‌హౌస్, కుర్రవాళ్లకు ఉద్యోగాలు.

ఊరి పెద్ద ఎలైన్ గారు. ఊరంతా ఆమెను ‘ఆంటీ’ అనే పిలుస్తారు కాబట్టి పనిలో ఉన్న మన తెలుగువాళ్లకు కొత్తగా నేర్చుకునే పని లేకపోయింది. ససేమిరా అన్న కౌన్సిల్‌ను ఒప్పించింది ఆమే. లావా అంచు దాటకూడదని, పని మొదలుపెట్టేముందు తాను వచ్చి ఆ రాళ్ల కింద ఉన్నవాళ్లతో నాలుగు మాటలు చెప్పుకోవాలని మాత్రం షరతు పెట్టింది. అంచు పొడుగునా నారింజ రంగు రిబ్బన్ కట్టించాను. మా వృత్తిలో ఆ రిబ్బన్ గోడతో సమానం.

డ్రిల్లింగ్ కాంట్రాక్టు సర్రీ నగరంలో ఉండే ఒక తెలుగాయనది. ఆయన సైట్ మేనేజర్ మూర్తి తెనాలి వైపు మనిషి, పనిమంతుడు, భక్తిపరుడు. రిగ్గు దించేముందు భూమిపూజ చేస్తానన్నాడు. ఆంటీ ప్రార్థన అయ్యాక చేసుకోమన్నాను. అలాగే సార్ అన్నాడు.

ఆ ఉదయం ఆంటీని తీసుకురావడానికి నేనే వెళ్లాను. మంచి శాలువా కప్పుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. దారిలో రోడ్డు చదును చేసే యంత్రం అడ్డం వచ్చి ఆలస్యమైంది. సైటుకు చేరేసరికి కర్పూరం వాసన వస్తోంది.

రిబ్బన్ నేల మీద పడి ఉంది. దానికి అవతల, లావా మీద, నాచు చెక్కి, రాళ్లు పెకలించి చిన్న గుంట తీశారు. గుంట చుట్టూ పసుపు, కుంకుమ, కొబ్బరి చిప్పలు. డ్రిల్లర్లు హెల్మెట్లు తీసి బుద్ధిగా నిలబడ్డారు.

“ముహూర్తం దాటిపోతోంది సార్. మీకు ఫోన్ ట్రై చేస్తే సిగ్నల్ లేదు. మన సైటుకి ఈశాన్యం అటు పడింది, నాలుగడుగులే జరిగాం” అన్నాడు మూర్తి. ఆపైన కొబ్బరి ముక్క రెండు చేతులా పట్టుకుని, “ప్లీజ్ ఆంటీ, ప్రసాదం” అంటూ ఆమెకందించాడు.

ఆమె తీసుకుంది. ఇదంతా ఏమిటని నన్నడిగింది. తవ్వేముందు భూమిని క్షమించమని అడుగుతామని చెప్పాను. మీవాళ్ల సమాధుల మీద కూడా ఇలాగే చేస్తారా అని అడిగింది. చేయం, శ్మశానానికి వెళ్లివస్తే స్నానం చేయనిదే ఇంట్లో అడుగు కూడా పెట్టం అని నా నోటితో నేనే చెప్పాల్సి వచ్చింది. తల కొట్టేసినట్టయింది. నా సర్వీసు మొత్తంలో అంత సిగ్గుపడింది లేదు.

మూర్తిని తిట్టడానికి నోరు రాలేదు. ఎగతాళికి చేసి ఉంటే తిట్టడం సులువు. అతను మనసారా దండం పెట్టాడు. ఆ పసుపును బూటుతో చెరిపేయాలనిపించింది నాకు. మా అమ్మ గడపకు రాసే పసుపే కదా అది! అలా అనిపించినందుకు ఇంకో సిగ్గు.

ఆంటీ గుంట దగ్గరికి వెళ్లలేదు. కొబ్బరి ముక్క నా చేతిలో పెట్టి, ఇంటి దగ్గర దింపమంది. దారిలో ఒక్కసారే మాట్లాడింది.

“ముందు నా గొంతు వింటారని వాళ్లకు మాటిచ్చాను. ఇప్పుడేం చెప్పను?”

ఆమెను ఇంటి దగ్గర దింపి సైటుకు తిరిగొచ్చాను.

రాళ్లను ఎక్కడివక్కడ పెట్టించాం. నాచును అతికించడం ఎవరివల్లా కాదు. మర్నాడు మూర్తి ఆమె గుమ్మం ముందు నిలబడి కన్నీళ్లతో క్షమాపణ అడిగాడు. ఆమె లోపలికి పిలిచి టీ ఇచ్చింది, అనుమతి మాత్రం ఇవ్వలేదు. కౌన్సిల్ కూడా ఒప్పందం వెనక్కి తీసుకుంది. రిగ్గును విప్పి లారీలెక్కించాం. పని ఆగిపోవడానికి కారణం స్థానికుల వ్యతిరేకత అని మా కంపెనీ రిపోర్టులో రాసుకుంది. అది చదివి మళ్లీ తలదించుకున్నాను. అక్కడికి మమ్మల్ని రానిచ్చిందే ఆమె.

హద్దు గీసేటప్పుడు మేం భూమి ఎవరి పేరున ఉందో అడుగుతాం, కింద ఏ రాయి ఉందో అడుగుతాం. మనం పెట్టే దండానికి కూడా అక్కడివాళ్ల అనుమతి కావాలని నాకు ఆ లోయలో తెలిసింది. మిగిలిన సర్వీసులో, పని మొదలయ్యే ఘడియ ఊరివాళ్లే పెట్టాలన్న షరతు ప్రతి కాంట్రాక్టులో రాయించాను. చాలాచోట్ల అది పనికొచ్చింది. ఆ లోయలో బోరు మాత్రం నేటికీ పడలేదు.