పెళ్ళిచూపులకని నమ్మించి తీసుకెళ్ళారు

నిన్న పొద్దున పెదనాన్న ఫోన్ చేశారు.

సంబంధం కుదిరిందని చెప్పడానికే అనుకున్నాను. "ఏం పెదనాన్నా, అమ్మాయి వాళ్ళు ఏమన్నారు?" అని నవ్వుతూనే ఎత్తాను.

"సీనా లేడమ్మా" అన్నారు.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు. అయినా రాస్తున్నాను. రాత్రి నుంచి మన ఫ్యామిలీ గ్రూపులో "అనారోగ్యంతో", "దైవ నిర్ణయం" అని మెసేజ్‌లు చదివి చదివి కడుపు మండుతోంది.

సీనన్న మా పెదనాన్న పెద్దకొడుకు. హోసూరు బజారులో మా వాళ్ళ పాత్రల అంగడి తెలిసినవాళ్ళందరికీ సీనన్న తెలుసు. స్టీలు సామాన్ల మీద మెషిన్‌తో పేర్లు చెక్కేది ఆయనే. తెలుగు, తమిళం, కన్నడం, ఏది అడిగినా ముత్యాల్లాంటి అక్షరాలు.

నా పెళ్ళి సామాన్లన్నిటి మీదా బుద్ధిగా నా పేరు చెక్కి, ఒక్క గ్లాసు మీద మాత్రం "రాక్షసి" అని చెక్కాడు. కృష్ణగిరికి కాపురానికి వచ్చిన మొదటి రోజు, చూసుకోకుండా మా మామగారికి ఆ గ్లాసులోనే కాఫీ ఇచ్చాను. ఆయన చదివి, నా ముఖం చూసి, మళ్ళీ గ్లాసు చూశారు.

అవును, తాగేవాడు. దాచేదేముంది? షట్టర్ ముందు పడి నిద్రపోయిన రోజులున్నాయి. నా రిసెప్షన్‌లో మైకు లాక్కుని పరువు తీశాడు. చేతులు వణికి అక్షరాలు వంకర పోతుంటే పెదనాన్న మెషిన్ దగ్గర నుంచి లేపేశారు. ఆ తర్వాత తాగుడు ఇంకా ఎక్కువైంది.

మాన్పించాలనుకోవడం తప్పు కాదు. కానీ ఎలా తీసుకురావాలో చెప్పింది కుందారపల్లి దగ్గర డీ-అడిక్షన్ సెంటర్ నడిపే డైరెక్టరు. "నిజం చెప్తే రాడు. ఏదన్నా శుభకార్యం చెప్పి పిలుచుకొని రాండి" అన్నాడట.

మా వాళ్ళకి పెళ్ళిచూపులు తోచాయి.

ముప్పై ఆరేళ్ళు వచ్చినా పెళ్ళి కాని మనిషికి చెప్పడానికి ఎంత చక్కటి అబద్ధం! పూలు, పండ్లు, తాంబూలం, కారు. ఏ లోటూ చేయలేదు.

బయల్దేరే రోజు పొద్దున సీనన్న నాకు వీడియో కాల్ చేశాడు. "ఏమే రాక్షసీ, నీలం షర్టు వేసుకునేదా, తెల్లదా?"

"నీలమే అన్నా."

"రెండు దినాలుగా చుక్క ముట్టలేదు, తెల్సునా? అమ్మాయి ముందర వాసన రాకూడదు కదా."

ఫోన్ పట్టుకున్న చెయ్యి ఊగిపోతోంది. పెళ్ళిచూపుల టెన్షన్ అనుకుని ఏడిపించాను కూడా. చూపులయ్యాక మా ఇంటికే వస్తానన్నాడు, పాయసం చేసి పెట్టమన్నాడు.

చేశాను. ఎవరూ రాలేదు. సాయంత్రం పెద్దమ్మని అడిగితే, "ఆలోచించి చెప్తామన్నారమ్మా" అంది. అబద్ధం నాదాకా వచ్చింది.

మిగతాదంతా నిన్న శ్మశానంలో తెలిసింది. ఊత్తంగరై లారీ డ్రైవరు ఒకాయన చెప్పాడు, సెంటర్‌లో సీనన్న గదిలోనే ఉన్న మనిషి. చావు సంగతి విని వాళ్ళ అన్న వచ్చి విడిపిస్తే, ఇంటికి కూడా పోకుండా నేరుగా శ్మశానానికే వచ్చాడు.

"పండ్ల తట్ట పట్టుకొని వచ్చినాడమ్మా. వెనకాల గేటుకి బీగం వేసేసినారు. అప్పుడు కూడా 'అమ్మాయి వాళ్ళ ఇల్లు ఇదేనా?' అని అడిగినాడు. అందరమూ నగినాము. నేనూ నగినాను."

ఆ క్షణం నుంచి అక్కడ ఆయన పేరు "పెళ్ళికొడుకు".

రోజూ తాగే మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణమే పోవచ్చు. అందుకే చేర్చుకునేటప్పుడే డాక్టరు చూడాలి. చివరిసారి ఎప్పుడు తాగాడో అడగాలి. మందులు ఇచ్చి, పగలూ రాత్రీ కనిపెట్టి ఉండాలి. అన్నిటికంటే ముందు, ఆ మనిషిని ఒప్పించి తీసుకురావాలి. ఇవేవో పెద్ద కోరికలు కావు, మనుషుల్ని ఉంచుకునే చోట ఉండాల్సిన కనీస పద్ధతులు.

సీనన్న తనంతట తానే చెప్పాడట. "రెండు దినాలుగా తాగలేదప్పా, ఒళ్ళంతా వణుకుతా ఉంది, డాక్టర్ని పిలవండప్పా" అని.

తాగుబోతు తాగలేదంటే ఎవరు నమ్ముతారు? మళ్ళీ నవ్వారు.

మర్నాడు గోడతో మాట్లాడటం మొదలుపెట్టాడు. "అమ్మాయి వాళ్ళు వచ్చి కూర్చోనుండారు, కాఫీ తెండి" అంటాడట. ఆ తర్వాత ఫిట్స్. "పెళ్ళికొడుకు డాన్స్ చేస్తా ఉండాడు, చూడండప్పా" అని వార్డెన్ ఫోన్‌లో వీడియో తీశాడు. ఆస్పత్రి గుర్తొచ్చింది వీడియో అయ్యాకే.

డైరెక్టరు శ్మశానానికి పూలమాలతో వచ్చాడు. "మీ డాక్టరు యాడ సార్?" అని అడిగాను.

"ఆదివారం ఆదివారం వస్తాడమ్మా. మీ అన్న సోమవారం వచ్చినాడు" అన్నాడు. తప్పు మా అన్నదే అన్నట్టు.

పెదనాన్న నా చెయ్యి పట్టి పక్కకి లాగారు. "ఊరుకోమ్మా. వాళ్ళేమన్నా కావాలని చేసినారా? మనమే లేటుగా పంపినాము."

చితి ఇంకా కాలుతోంది. మన బంధువుల్లోనే ఒకాయన, పేరు రాయను, ఇది ఆయనా చదువుతాడు, మెల్లగా డైరెక్టరు పక్కకి చేరాడు. "మావాడూ శానా తాగుతా ఉండాడు సార్. ఏమని చెప్పి పిలుచుకొని రావాల?"

"తిరుపతికని చెప్పండి" అన్నాడు డైరెక్టరు. "వాళ్ళే రెండు దినాల ముందర నుంచి ముట్టకుండా వస్తారు. మాకూ సులువు."

తమ్ముడూ, నువ్వెవరో నీకు తెలుసు. ఈ వారం నిన్ను ఎవరైనా తిరుపతికి రమ్మంటే కారెక్కకు. నీ అంతట నువ్వు ఒక్కసారిగా ఆపేయకు కూడా. నాకు ఫోన్ చెయ్. డాక్టరు ఉన్న చోటికి, నిజం చెప్పి, నేనే తీసుకెళ్తాను.

సీనన్నా, గడప దాటే ఎవరికైనా "పోయి రా" అంటాం.

నీకు అనను.

మళ్ళీ మా మధ్యకి రావద్దు. అక్కడే నిమ్మళంగా పడుకో.