పేరు రాయించని పాఠకుడు

2023లో నేను ముత్తుకూరు దగ్గర ఒక ఊళ్ళో శాఖా గ్రంథాలయం చూసుకునేదాన్ని. రెండు గదులు, పది బీరువాలు. పోర్టుకు పోయే లారీలకు కిటికీ అద్దాలు రోజంతా అదిరేవి. చదివేవాళ్ళ కంటే కబుర్లకు వచ్చేవాళ్ళే ఎక్కువ. ఆ కబుర్లలో సగం నావేనని ఒప్పుకోవాలి.

ఆ వేసవిలో వీడింగ్ పని పడింది. ఏళ్ళ తరబడి ఎవరూ ఇంటికి తీసుకెళ్ళని పుస్తకాలను ఏరి తీసేయడమన్నమాట. ప్రతి పుస్తకానికీ ఒక డ్యూ డేట్ స్లిప్ అంటించి ఉంటుంది. పుస్తకం బయటికి వెళ్ళినప్పుడల్లా దానిమీద తేదీ ముద్ర వేస్తాం. ముద్రలు లేకపోతే ఆ పుస్తకానికి నూకలు చెల్లినట్టే.

అలా ఏరుతుంటే ఒక పాత విదేశీ నవల అనువాదం చేతికొచ్చింది. ఎవరు ఎప్పుడు నవ్వారో కూడా సర్కారువాళ్ళు రాసుకునే ఒక నగరం కథ. స్లిప్ మీద ఒక్క ముద్ర లేదు. తీసేద్దామనుకుంటూ పేజీలు తిప్పాను. అంచులన్నీ నలిగి ఉన్నాయి. మధ్యలో గుర్తుగా బస్సు టికెట్టు. చూస్తే ముందురోజుది!

నా కళ్ళుగప్పి నా లైబ్రరీలో చదివేదెవరు? పుస్తకాన్ని ఎక్కడిదక్కడ పెట్టి కాపు కాశాను. సాయంత్రం దేవసహాయం వచ్చాడు. ఒక గోడౌన్‌లో సీసీ కెమెరాలు చూసే ఉద్యోగం ఆయనది. రోజూ వచ్చి, మూల కుర్చీలో పేపరు తెరుచుకుని కూర్చుంటాడు. ఆ రోజు వెనక నుంచి వెళ్ళి చూశాను. పేపరు చాటున ఆ నవల.

"దొరికారు!" అన్నాను. పాపం, లేచి నిలబడ్డాడు.

"ఇంటికి తీసుకెళ్ళండి దేవసహాయం గారూ. ఎల్లుండిలోగా ముద్ర పడకపోతే దీన్ని తీసేయాల్సిందే."

"తీసేస్తారా? ఇంకా సగం ఉండాది మేడం." మొహం చిన్నబోయింది.

"అయితే రిజిస్టర్లో పేరు రాయండి."

"పేరు మాత్రం వద్దు మేడం."

నాకు నవ్వొచ్చింది. "పుస్తకం బాగానే ఎక్కినట్టుంది! పేరు రాస్తే సర్కారొచ్చి పట్టుకుపోతుందా?"

"సర్కారుతో నాకేం భయం? మీతోనే."

"నాతోనా?"

"మా సూపర్‌వైజరు బట్టతల వైద్యం పుస్తకం తీసుకున్నాడని మీరే గదా చెప్పినారు. మర్నాటికల్లా గోడౌనంతా తెలిసిపోయింది. ఈ కథలో వాళ్ళు రాసుకుని ఊరుకుంటారు మేడం. మీరు చదివి వినిపిస్తారు."

నాకు తల కొట్టేసినట్టయింది. కోపం తెచ్చుకుందామనుకున్నాను గానీ, ఆ బట్టతల గుర్తొచ్చి నవ్వు ఆగలేదు. ఆయనా నవ్వేశాడు. అంతగా ఏముంది అందులో అని అడిగాను.

"మొన్న గోడౌన్లో ఊడ్చే ఆమె మూల నిలబడి రెండు స్టెప్పులేసింది మేడం, ఎవరూ చూడలేదనుకుని. ఇదివరకైతే టైము రాసి పైకి పంపేవాణ్ణి. ఈ పుస్తకం చదివినాక చెయ్యి రాలేదు. నేను గూడా కుర్చీలో కూర్చుని ఊగినాను."

ఎప్పుడో ఏ దేశంలోనో రాసిన కథ మా ఊరి గోడౌన్లో ఒక మనిషిని అలా ఊగించిందంటే నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. దాన్నా నేను తీసేయబోయింది!

"ఇక నా నోటికి తాళం," అన్నాను. నన్ను ఎగాదిగా చూసి, సంతకం చేశాడు. తొలి ముద్ర గట్టిగా గుద్దాను. బల్ల మీద అందరికీ కనబడేలా ఉండే రిజిస్టరును ఆ రోజు నుంచే సొరుగులో పెట్టడం మొదలుపెట్టాను.

వారం తిరక్కుండా ఆయన భార్య రూతమ్మ వచ్చింది.

"అక్కా, మా ఆయన ఏందో పుస్తకం తెచ్చుకోని ఒకటే నవ్వుకుంటుండాడు. ఏం పుస్తకమది?"

మాట నాలుక చివరిదాకా వచ్చింది. "ఆయన్నే అడగమ్మా," అన్నాను.

"నువ్వు చెప్పవా?"

"చెప్పను."

నమ్మలేనట్టు చూసింది. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించింది. "అయితే నాక్కూడా ఒకటియ్యక్కా. ఎన్నాళ్ళనుంచో అడగాలనుకుంటుండా."

ఇన్నేళ్ళూ నా నోటికి జడిసి ఎంతమంది గుమ్మం దాకా వచ్చి తిరిగిపోయారో! పుస్తకాలతోబాటు చదివేవాళ్ళ గుట్టునూ కాపాడటం నా ఉద్యోగమేనని అంత ఆలస్యంగా తెలిసింది.

రూతమ్మ ఏ పుస్తకం తీసుకెళ్ళిందో మాత్రం నన్నడగకండి.